యాభై దాటాక పాటల యాప్: ఏడాది విన్న తర్వాత

మా అమ్మాయి పోయిన ఉగాదికి ఇంట్లో నలుగురికీ కలిపి ఒక పాటల యాప్‌లో ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంది. అప్పటిదాకా నాకు కార్లో ఒక పెన్‌డ్రైవ్, అటక మీద రెండు అట్టపెట్టెల నిండా క్యాసెట్లు, అంతే. ఇప్పటికి ఏడాది దాటింది. బెంగళూరులో మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి పోయి రావడానికి రోజుకు రెండు గంటలకు పైనే పడుతుంది కాబట్టి వినడానికి టైం లేదనే మాటే లేదు. ఒకప్పుడు రాక్ అంటే ప్రాణం ఇచ్చి, ఇప్పుడు "ఈ కాలం పాటల్లో ఏముందిలే" అని పక్కన పెట్టేసిన నా ఈడు వాళ్ళు చాలామంది ఈ యాప్‌లకు డబ్బు కట్టొచ్చా వద్దా అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం రాస్తున్నా.

యాప్ పేరు రాయట్లేదు, ఎందుకంటే మధ్యలో మూడు నెలలు ఇంకోదానికి మారి చూశాను, రెండింట్లోనూ ఇదే మంచి, ఇదే చెడు. డబ్బు కట్టండి, ఆ మాట ముందే చెప్తున్నా. నలుగురం పంచుకుంటే మనిషికి నెలకు దర్శినిలో (ఇక్కడి నిలబడి తినే చిన్న హోటల్లో) మూడు కాఫీల ఖర్చు. కానీ అది వడ్డించింది వడ్డించినట్టు తినొద్దు. మొదటి నాలుగు నెలలు నేను చేసిన తప్పు అదే.

నా సంగతి కొంచెం చెప్తేగానీ ఇది అర్థం కాదు. 1992లో ఇంజనీరింగ్ చదవడానికి అనంతపురం నుంచి బెంగళూరు వచ్చాను. అంతకు ముందు ఏడాదే స్టార్ టీవీతో పాటు ఎంటీవీ మన దేశానికి వచ్చింది, హాస్టల్ కామన్ రూంలో రాత్రి పదకొండు తర్వాత దాని కోసం కొట్టుకునేవాళ్ళం. మెస్ డబ్బుల్లో మిగిల్చి బ్రిగేడ్ రోడ్డులో నెలకో క్యాసెట్ కొనేవాణ్ణి. ఆ ఒక్క క్యాసెట్టే నెలంతా. ఏ వైపు ఎన్నో పాట ఏదో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బ్యాండ్ ఇక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చినప్పుడు అక్కడున్నా, 2011 అక్టోబర్ 30న మెటాలికా బ్యాండ్ వచ్చినప్పుడూ అక్కడే ఉన్నా. రెండు రోజుల ముందు ఢిల్లీ దగ్గర వాళ్ళ షో రద్దయిందని తెలిసి, ఇక్కడైనా జరుగుతుందా లేదా అని పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

సరే, యాప్. తెరవగానే మీకు ఇష్టమైన వాళ్ళను ఎంచుకోమంటుంది. నేను ఐదుగురిని నొక్కాను, అందరూ 1995కి ముందు వాళ్ళే. ఇక అక్కణ్ణుంచి రోజూ పొద్దున అదే పళ్ళెం. అదే ఐదుగురు, వాళ్ళ పక్కింటి వాళ్ళు, వాళ్ళ పాత లైవ్ రికార్డింగులు, "రీమాస్టర్డ్" అని తోక తగిలించిన అవే పాటలు. "మీ కోసం కొత్తవి" అనే చోట కూడా 1993వి కనపడేవి, నేను అప్పట్లో కొనలేకపోయిన క్యాసెట్లలోవి. మొదట్లో పండగలా అనిపించింది, అబద్ధం ఎందుకు. నాలుగు నెలలయ్యాక గమనిస్తే ఒక్క కొత్త గొంతు కూడా నా చెవిన పడలేదు. ఆ నాలుగు నెలల మధ్యలోనే మా అనంతపురం స్నేహితుల గ్రూపులో "ఇప్పుడు రాక్ లేదు, పాప్ అంటే కంప్యూటర్ మోత" అని రాశాను, అందరూ అవునంటే అవునన్నారు. మా అమ్మాయి అది చూసి ఒక్కటే అడిగింది. "నాన్నా, ఈ పదేళ్ళలో వచ్చిన ఆల్బమ్ ఏదైనా మొదటి పాట నుంచి చివరి పాట దాకా విన్నావా?"

వినలేదు. ఒక్కటి కూడా వినలేదు.

అప్పుడు పెట్టుకున్న లెక్క ఇది: వారానికి రెండు ఆల్బమ్‌లు, ఒకటి తను చెప్తుంది, ఒకటి నేను వెతుక్కుంటా. మధ్యలో పాట దాటేయకూడదు. బాగోలేకపోయినా ఆఖరి దాకా వినాలి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పాలి.

తను మొదట ఇచ్చింది అమెరికా గాయని బిల్లీ ఐలిష్ 2019లో తెచ్చిన మొదటి పూర్తి ఆల్బమ్. రాత్రి పదిన్నరకు గిన్నెలు తోమేసి, వంటింట్లో లైటు ఆపి, గట్టు పక్కన స్టూలు వేసుకుని వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా. ఆ అమ్మాయి అరవదు. అసలు గొంతు ఎత్తదు. నోటి తడి, ఊపిరి తీసుకోవడం, మాటకీ మాటకీ మధ్య పెదాలు విడే చప్పుడు, అన్నీ చెవి పక్కన కూర్చుని చెప్తున్నట్టు వినపడతాయి. ఒక పాటలో ఉన్నట్టుండి బరబరమని డ్రిల్లు మోత వచ్చింది. మా వీధిలో మళ్ళీ ఎవరో ఈ వేళప్పుడు బోరు వేయిస్తున్నారనుకుని ఒక చెవిలోది తీసి కిటికీ వైపు చూశా. బయట ఏమీ లేదు. అది పాటలోదే, పళ్ళ డాక్టర్ దగ్గర ఉండే డ్రిల్లు. ఆ ఆల్బమ్‌లో చాలా భాగం లాస్ ఏంజలిస్‌లో వాళ్ళ అమ్మానాన్నల ఇంట్లో, అన్న పడకగదిలో, ఆ అన్నాచెల్లెళ్ళిద్దరే కూర్చుని చేశారు. మరుసటి ఏడాది గ్రామీల్లో పెద్ద అవార్డులు నాలుగూ దానికే, ఆ అమ్మాయికే వచ్చాయి.

మా తరం రాక్ అభిమానులకు బలం అంటే గొంతు చించుకోవడం, గిటార్ చించడం. అంతకంటే ముందు రేడియోలో లలిత గీతాలు విని పెరిగిన చెవులే మావి. మైకుకు దగ్గరగా నిలబడి, గొంతు ఆపుకుని, ఒక్క మాటను మెల్లగా విడిచి పెట్టడం మనకు కొత్తేం కాదు. మర్చిపోయామంతే. ఆ రాత్రి నాకు ఆ ఆల్బమ్‌లో కొత్తగా దొరికింది అదే, కంప్యూటర్ మోత అని నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నానని గ్రూపులో రాశాను కూడా.

అక్కణ్ణుంచి నా వయసు వాళ్ళు చేసే ఫిర్యాదులన్నీ ఒక్కొక్కటే తీసి చూడ్డం మొదలుపెట్టా.

పాటలు మరీ పొట్టిగా ఉంటున్నాయి అనేది ఒకటి. నిజమే, రెండున్నర నిమిషాలకే అయిపోయే పాటలు బోలెడు. స్పాటిఫైలో ఒక పాట 30 సెకన్లు మోగితే అది విన్నట్టు లెక్క, కాబట్టి ఆ అర నిమిషంలోనే మనిషిని పట్టుకోవాలని పల్లవితోనే ఎత్తుకుంటున్నారు, ముందు వాయిద్యం ఉండదు. ఇది నాకు నచ్చదు. వంట మొదలుపెట్టకముందే విస్తరి వేసినట్టుంటుంది. కానీ పొట్టి పాట ఈ తరం కనిపెట్టింది కాదు. తాతల కాలంలో 78 స్పీడు గ్రామఫోన్ ప్లేటుకు ఒక వైపు పట్టేదే సుమారు మూడు నిమిషాలు, మన నాటకాల పద్యాలు కూడా ఆ కొలతకే కుదించి పాడారు. లాంగ్‌ప్లే రికార్డు వచ్చి ఒక వైపు ఇరవై నిమిషాలు దాటి పట్టేసరికి పొడుగు పాటలు పుట్టాయి, సీడీ వచ్చేసరికి ఒక్క డిస్కు 74 నిమిషాలయింది. పాటను మోసే వస్తువు ఎంతుంటే పాట అంత. మనకు ఏడు నిమిషాల పాటలు అలవాటయ్యాయంటే మనం ఆ వస్తువుల కాలంలో పుట్టాం కాబట్టి.

గొంతును మెషీన్‌తో సరిచేస్తున్నారు అనేది ఇంకొకటి. ఆటో-ట్యూన్ వచ్చింది 1997లో, మనం ఉద్యోగాల్లో చేరిన కొత్తల్లో. నేల లోపల చమురు ఎక్కడుందో తరంగాలతో లెక్కగట్టే పని చేసిన ఇంజనీరు ఆండీ హిల్డెబ్రాండ్ తయారు చేశాడు. మరుసటి ఏడాదే షేర్ అనే అమెరికా గాయని పాటతో అది ప్రపంచమంతా మోగింది, మనమే ఎగిరి గంతులేశాం. కాబట్టి ఆ నేరం ఇప్పటి పిల్లల మీద మోపడం న్యాయం కాదు.

మూడోది, ఈ కాలం పాటలు ఒకటే గోల, చెవులు హోరెత్తుతున్నాయి అనేది. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, ఎందుకంటే ఇందులో దెబ్బ తిన్నది మనవాళ్ళే. 2008లో మెటాలికా ఆల్బమ్ డెత్ మ్యాగ్నెటిక్ విడుదల రోజే కొని ఇంటికి తెచ్చి పెట్టగానే మనసు విరిగిపోయింది. డ్రమ్ము దెబ్బ దెబ్బలా లేదు, అన్నీ కలిపి రోట్లో వేసి రుబ్బినట్టుంది. నా స్పీకర్లు పోయాయనుకున్నా. తర్వాత తెలిసింది, అందరికీ అలాగే ఉందని. సౌండ్ లెవెల్ చివరి అంచుదాకా పెంచేసి నొక్కేశారు, గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో వాడిన అవే పాటలు సీడీ కంటే శుభ్రంగా ఉన్నాయని అభిమానులు మొర పెట్టుకున్నారు. చిన్న చప్పుడుకూ పెద్ద చప్పుడుకూ తేడా లేకుండా నొక్కేసే ఆ పోటీ 1990ల్లో, 2000ల్లో నడిచింది. ఇప్పుడు యాప్‌లు అన్ని పాటలనూ దాదాపు ఒకే మోతాదుకు తెచ్చి వినిపిస్తున్నాయి, ఎంత నొక్కి పంపినా యాప్ తగ్గించేస్తుంది కాబట్టి నొక్కడం వల్ల వచ్చే లాభం తగ్గిపోయింది. బిల్లీ ఐలిష్ పాటలో ఆ నిశ్శబ్దం బతికి ఉందంటే అందుకు ఈ పద్ధతి కూడా ఒక కారణమని నా నమ్మకం.

రాక్ సంగతికి వస్తా, నా అసలు బాధ అక్కడే కాబట్టి.

రాక్ చచ్చిపోలేదు. వెతకాలి, అంతే. యాప్ తనంతట తాను తెచ్చి పెట్టదు. 2025 మేలో, ఒకే నెలలో, స్వీడన్ బ్యాండ్ ఘోస్ట్ ఆల్బమ్, లండన్ బ్యాండ్ స్లీప్ టోకెన్ ఆల్బమ్ రెండూ అమెరికా చార్టులో మొదటి స్థానానికి వెళ్ళాయి, రెండూ మాస్కులు పెట్టుకుని వాయించే బ్యాండ్లే. నా యాప్ ఆ రెంటిలో ఒక్కటీ నాకు చూపించలేదు, ఐరన్ మెయిడెన్‌ను రోజూ వినే మనిషికి! ఘోస్ట్ నాకు బాగా నచ్చింది. వేషం సంగతి పక్కన పెట్టండి, పాట కట్టడం తెలిసినవాళ్ళు, పల్లవి రెండోసారి వచ్చేసరికి నోటికి వచ్చేస్తుంది, సోలో ఉండాల్సిన చోట సోలో ఉంటుంది. స్లీప్ టోకెన్ మాత్రం ఒక పాటలో నాలుగు పాటలు కుక్కినట్టనిపించింది, మెత్తగా మొదలై ఉన్నట్టుండి విరుచుకుపడతారు, ఆ మలుపు మొదటిసారి గుండె ఆపేస్తుంది, ఐదో పాటకు ముందే తెలిసిపోతుంది. మా అబ్బాయికి వాళ్ళంటే పిచ్చి, తొమ్మిదో తరగతి. వాడి దగ్గర ఈ మాట అన్నందుకు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఈ కాలం అమెరికా బ్యాండ్ గ్రేటా వాన్ ఫ్లీట్ గురించి నా వయసు వాళ్ళు గొప్పగా చెప్తారు, అచ్చం 1970ల బ్యాండ్ లెడ్ జెప్పెలిన్‌లా ఉంటారని. అదే నాకు కష్టం. జెప్పెలిన్ కావాలంటే జెప్పెలినే ఉంది కదా, పెట్టుకుంటా.

నాకు ఈ ఏడాదిలో దొరికిన నిధి ద వార్నింగ్. మెక్సికోలో మాంటెరే ఊరి నుంచి వచ్చిన ముగ్గురు అక్కచెల్లెళ్ళు, గిటార్, డ్రమ్స్, బేస్. 2014లో చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు ఇంట్లో మెటాలికా పాట వాయించిన వీడియోతో ప్రపంచానికి తెలిశారు, 2021లో మెటాలికా వాళ్ళే తెచ్చిన బ్లాక్‌లిస్ట్ ఆల్బమ్‌లో అదే పాటను కెనడా గాయని అలెస్సియా కారాతో కలిసి చేశారు. వాళ్ళ 2024 ఆల్బమ్‌ను సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర కార్లో మొదటిసారి విన్నా. ఆ డ్రమ్మర్ అమ్మాయి వాయించే తీరు వినండి. ఈ రోజుల్లో చాలా పాటల్లో దెబ్బలు స్కేలు పెట్టి గీత గీసినట్టు సరిగ్గా ఒకే దూరంలో పడతాయి, ప్రాణం ఉండదు. ఈమె పల్లవికి వచ్చేటప్పుడు వెంట్రుకవాసి ముందుకు తోస్తుంది, అంతలోనే పట్టి ఆపుతుంది. సిగ్నల్ పడి వెనక వాళ్ళు హారన్ కొడుతున్నా కాసేపు నాకు తెలియలేదు.

పాప్‌లో నా ఫిర్యాదు ఒకటి మిగిలే ఉంది, అది మాత్రం వెనక్కి తీసుకోను. ఆల్బమ్‌లు మరీ సాగదీస్తున్నారు. టేలర్ స్విఫ్ట్ 2024లో తెచ్చిన ఆల్బమ్ పూర్తి రూపంలో 31 పాటలు. ఆమె మాటలు కట్టడంలో దిట్ట, ఒక్క చిన్న వస్తువు పట్టుకుని మొత్తం కథ చెప్పేస్తుంది, ఆ పని మన సినిమా పాటల్లో మంచి రచయితలు చేసినట్టే ఉంటుంది. కానీ ముప్పై ఒకటి ఎవరికి కావాలి? పన్నెండు ఏరి ఇస్తే జన్మంతా దాచుకునేవాణ్ణి. క్యాసెట్టుకు రెండు వైపులే ఉండేవి కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చేవాళ్ళు, ఆ తేల్చే మనిషి ఇప్పుడు కనపడట్లేదు.

ఇంగ్లండ్ గాయకుడు ఎడ్ షీరన్ సంగతి వేరే చెప్పాలి. నేను అతణ్ణి తేలిగ్గా తీసేశా, పెళ్ళి వీడియోల పాటలు అని. 2025 ఫిబ్రవరిలో, యాప్ ఇంకా నా ఫోన్లోకి రాకముందే, అతను బెంగళూరు నైస్ గ్రౌండ్స్‌కు వచ్చినప్పుడు మా అమ్మాయి బలవంతం మీద వెళ్ళా, మాదవార దాకా మెట్రో అప్పటికే వచ్చేసింది కాబట్టి పార్కింగ్ గోల లేదు. చాలా పాటలకు అతనొక్కడే, ఒక గిటార్, కాళ్ళ దగ్గర లూప్ పెట్టె. గిటార్ చెక్క మీద తడతాడు, అది తాళంగా తిరుగుతూ ఉంటుంది, దాని మీద తీగలు, దాని మీద ఇంకో వరస, దాని మీద తన గొంతే రెండు మూడు పొరలు, అన్నీ మన కళ్ళ ముందే అప్పటికప్పుడు పేరుస్తాడు. ఒక్క దెబ్బ తప్పితే ఆ తప్పు పాట పూర్తయ్యేదాకా తిరుగుతూనే ఉంటుంది. అందుకు ఎంత గుండె ధైర్యం కావాలి! తర్వాత శిల్పా రావు స్టేజీ మీదికి వచ్చింది, ఇద్దరూ కలిసి చుట్టమల్లే ఎత్తుకున్నారు. అతని నోట తెలుగు. నా చుట్టూ ఎంతమంది తెలుగు పిల్లలున్నారో ఆ అరుపు విన్నాకే తెలిసింది. ముప్పై ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళో ఇంగ్లీషు పాటలకు గొంతు కలిపినవాణ్ణి, మొదటిసారి అటువైపు నుంచి నా భాష వినపడింది. గొంతు పట్టేసింది, పాడలేకపోయా.

ఇక యాప్ లోటుపాట్లు, వాడేవాళ్ళకు పనికొచ్చేవి.

తెలుగు పాటలు వెతకడం నరకం. ఒకే పాట నాలుగు స్పెల్లింగులతో ఉంటుంది, పాడినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట సంగీత దర్శకుడి పేరు, రాసినవాళ్ళ పేరైతే చాలాచోట్ల అసలుండదు. ఫలానా రచయిత పాటలన్నీ ఒకచోట వినాలంటే కుదరదు. దీని గురించి యాప్‌ వాళ్ళకు రెండుసార్లు రాశా, రెండుసార్లూ మెషీన్ పంపిన జవాబే వచ్చింది. క్యాసెట్ లోపలి కాగితం మీద చీమల్లాంటి అక్షరాల్లోనైనా అందరి పేర్లూ ఉండేవి.

ఇంకోటి, ఆల్బమ్ తెరిచి నొక్కితే వరసగా మోగాలి. 2021లో బ్రిటన్ గాయని అడెల్ అడిగిన తర్వాత స్పాటిఫై డబ్బు కట్టేవాళ్ళకు ఆల్బమ్ పేజీలో పాటల్ని కలిపి కొట్టే (షఫుల్) బొత్తాన్ని వెనక్కి నెట్టి వరసగా మోగడాన్నే ముందు పెట్టింది, ఆమెకు దండం పెట్టాలి. మీరు ఏ యాప్ వాడినా సెట్టింగులకెళ్ళి ఆల్బమ్ అయిపోయాక తనంతట తాను ఇంకేవో పాటలు ఎత్తుకునే ఆటోప్లే ఆపేయండి. ఆఖరి పాట అయ్యాక వచ్చే నిశ్శబ్దం కూడా ఆల్బమ్‌లో భాగమే.

నాణ్యత కోసం లాస్‌లెస్ అని, కుదింపులో పాటలోంచి ఏమీ పోకుండా ఇస్తారు. కార్లో మామూలు బ్లూటూత్ మీద అది పెట్టుకుని లాభం లేదు, బ్లూటూత్ మళ్ళీ కుదించే పంపుతుంది, డేటా దండగ. వైరుతో వింటేనే ఆ తేడా కొంచెమైనా తెలుస్తుంది.

మన ఊరి బ్యాండ్లను కూడా మీరే వెతకాలి. థర్మల్ అండ్ ఎ క్వార్టర్ 1996 నుంచి బెంగళూరులోనే ఉన్నారు, కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపే అగం ఇక్కడి వాళ్ళే, హైదరాబాద్ నుంచి చౌరస్తా ఉంది. యాప్ నాకు వీళ్ళ పేర్లు ఏడాదంతా ఒక్కసారీ చెప్పలేదు, నేనే టైపు చేసి పట్టుకున్నా. ఒక్కసారి పట్టుకున్నాక మాత్రం వాళ్ళ పక్కవాళ్ళను బాగానే చూపిస్తోంది, ఆ మాట ఒప్పుకోవాలి.

నా రేటింగు ఐదుకు మూడున్నర. పాటల గోడౌనుగా ఐదుకు ఐదు, పాటలు చెప్పే స్నేహితుడిగా రెండు. ఆ రెండో పని మా ఇంట్లో మా అమ్మాయి చేస్తోంది. ఈ వారం తను పంపింది డబ్లిన్ బ్యాండ్ ఫాంటెయిన్స్ డీసీ 2024 ఆల్బమ్. రెండుసార్లు విన్నా, ఇంకా నాకు అందలేదు. ఆదివారం వైరు పెట్టుకుని మూడోసారి వింటా.